కె-51 రేడియో ట్రక్కు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

షెవ్రొలే కె-51 ట్రక్కు, అందులో బీసీ-610 ట్రాన్స్‌మిటర్, రెండు రిసీవర్లు, వెనక కె-52 ట్రైలర్లో పీఈ-95 జనరేటర్. ఈ కదిలే రేడియో స్టేషన్ మొత్తాన్నీ కలిపి అమెరికా సైన్యం ఎస్‌సీఆర్-299 అని పిలిచింది. ఇక్కడ అమెరికాలో మా పాత సైనిక వాహనాల బృందం దగ్గర ఇలాంటి బండి ఒకటి ఉంది. హామ్ (సరదాకి రేడియో నడిపేవాళ్ల) లైసెన్సు ఉండటంతో చాలా ఏళ్లుగా దాని బాగోగులు నేనే చూస్తున్నాను. "అంత పాత సెట్టు ఇంకా పనిచేస్తుందా?" అని ఇండియా నుంచి మిత్రులు అడుగుతుంటారు. పనిచేస్తుంది, బ్రహ్మాండంగా.

దీని ప్రాణమంతా బీసీ-610లోనే ఉంది. షికాగోలో హాలిక్రాఫ్టర్స్ వాళ్లు హామ్‌ల కోసం తయారుచేసిన హెచ్‌టీ-4 ట్రాన్స్‌మిటర్‌నే సైన్యం తీసుకుని, ట్రక్కు కుదుపులకు తట్టుకునేలా గట్టిపరిచింది. బండి నడుస్తుండగానే 100 మైళ్ల దాకా మాట వినపడాలని సైన్యంలో సమాచార వ్యవస్థ చూసే సిగ్నల్ కోర్ అడిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికాలో సైన్యం దిగినప్పుడు ఈ బండ్లూ దిగాయి. తర్వాత కొరియా యుద్ధంలోనూ ఇదే ట్రాన్స్‌మిటర్ వాడారు.

సొంతంగా రిపేరు చేసుకునేవాళ్ల కోసం పుట్టిన సెట్టని వాడేకొద్దీ అర్థమవుతుంది. పై మూత ఎత్తితే ఏ ట్యూబు ఎక్కడుందో కళ్ల ముందే కనపడుతుంది. చేయి దూరని మూల దాదాపు లేదు. నాకు దీనిమీద ఇంత అభిమానం ఉండటానికి మొదటి కారణం ఇదే.

స్విచ్ వేయగానే మాట్లాడదామంటే కుదరదు. కరెంటును డీసీగా మార్చే 866 ట్యూబుల్లో పాదరసం ఆవిరి ఉంటుంది. వాటిలోని ఫిలమెంట్లు (వేడెక్కే తీగలు) బాగా వేడెక్కకముందే హైవోల్టేజీ ఇస్తే లోపల ఆర్క్ కొట్టి ట్యూబు పోతుంది. ఓపిక పట్టి, ఆ తర్వాత హైవోల్టేజీ ఇచ్చే ప్లేట్ స్విచ్ వేస్తే రిలే టప్పున పడుతుంది, ట్యూబుల్లో నీలం వెలుగు లేస్తుంది. మైకులో గట్టిగా మాట్లాడితే ఆ నీలం పెరుగుతుంది, ఆపితే తగ్గుతుంది. ప్రదర్శనలకు వచ్చే పిల్లలు దాన్నే కన్నార్పకుండా చూస్తారు. అప్పుడు వాళ్లకు రేడియో గురించి ఏం చెప్పినా ఎక్కుతుంది.

ఏఎంలో, అంటే మాటను పాత పద్ధతిలో పంపేటప్పుడు, దాదాపు 300 వాట్లు వస్తుంది. సాయంత్రం పూట ఏఎం హామ్‌లు కలుసుకునే 3885 కిలోహెర్ట్జ్‌కి వెళ్తే అవతలివాళ్లు ముందు గొంతు బాగుందనే అంటారు. నిండుగా, వెచ్చగా ఉంటుంది. ఇప్పటి చిన్న సెట్లలో నాకు ఆ నిండుతనం దొరకలేదు.

బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పరిధి) మార్చడం మాత్రం విసుగు. మూత తీసి, ట్యూనింగ్ యూనిట్ లాగి ఇంకోటి దోపి, పైనున్న పెద్ద కాయిల్ కూడా మార్చి, మళ్లీ మొదట్నుంచీ ట్యూన్ చేసుకోవాలి. మూత తీస్తే హైవోల్టేజీ ఆగిపోయే స్విచ్ ఉంది. అయినా లోపల 2000 వోల్టులు దాటి ఉంటాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మను. ఎర్త్ తీగ కట్టిన కర్రను కెపాసిటర్లకు తాకించి, వాటిలో మిగిలిన కరెంటు పోయాకే చేయి పెడతాను. ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా వినను.

రిసీవర్లు రెండూ మంచివే. బీసీ-312 బ్యాటరీతో నడుస్తుంది, బీసీ-342కి జనరేటర్ కరెంటు కావాలి. జనరేటర్ ఆపేసి ప్రశాంతంగా వినొచ్చు కాబట్టి నేను మొదటిదే ఎక్కువగా వాడతాను.

ఆ జనరేటర్‌కి జీపులో వాడిన విల్లీస్ ఇంజనే. నమ్మకమైనదే కానీ రొద భరించలేం, పెట్రోలూ బాగా తాగుతుంది. కేబుల్ అందినంత దూరంలో పెట్టినా మైకులోకి దాని శబ్దం వస్తుంది. ఎండాకాలంలో తలుపులు మూసుకుని కూర్చుంటే లోపల పొయ్యి దగ్గర కూర్చున్నట్టే. ఎడారిలో, దుమ్ములో గంటల తరబడి ఇందులో కూర్చున్న ఆపరేటర్లను తలచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

బండి నడపడం కష్టమే కానీ బాగుంటుంది. గేరు మార్చిన ప్రతిసారీ క్లచ్ రెండుసార్లు తొక్కాలి. గంటకు 60 కిలోమీటర్లు దాటించను. ట్రైలర్‌తో రివర్స్ చేయాలంటే కింద ఒక మనిషి ఉండి తీరాలి.

ఒకసారి మాటను సిగ్నల్ మీదికి ఎక్కించే మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే బయట ఒక వర్క్‌షాపులో చుట్టించాం. ఇన్సులేషన్ పలచగా వేశారు, ఆ సీజన్లోనే మళ్లీ పోయింది. అందుకే కొనేవాళ్లకు చెప్పేది: ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఒరిజినల్‌దేనా, పూర్తి పవరులో కాసేపు మాట్లాడించినా వేడెక్కకుండా ఉందా అన్నది ముందు చూడండి. కాయిళ్లు, ట్యూనింగ్ యూనిట్లు మొత్తం ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి, విడిగా వెతకడం మహా కష్టం. ట్రైలర్ లేకుండా ట్రక్కు ఒక్కటే అమ్ముతుంటే ధర ఎంత తగ్గించినా నేనైతే తీసుకోను.