ఉగ్గుపిండి ఆడించే మర: నెల్లూరులో ఒకటి, దాని మంచిచెడ్డలు

నెల్లూరులో పిండిమరలకు కరువు లేదు, పేటకు నాలుగున్నాయి. దోసెలకీ మురుకులకీ ఆడించడానికి ఏదైనా ఒకటే. ఆరు నెలలు నిండిన బిడ్డ నోట్లో పెట్టే ఉగ్గుపిండికి మాత్రం చూసి వెళ్లాలి. స్టోన్‌హౌస్‌పేట వైపు ఉన్న ఒక చిన్న మరలో ఈ పని శ్రద్ధగా చేస్తున్నారు. అక్కడి ఆడింపు సంగతీ, అక్కడే అమ్మే రెడీమేడ్ ఉగ్గు పొట్లం సంగతీ విడివిడిగా చెప్పాలి, ఎందుకంటే మొదటిది మంచిది, రెండోది అంత మంచిది కాదు.

మర మంచిదో కాదో మిషను చూస్తే తెలియదు. మన గింజల కన్నా ముందు అందులో ఏం పడిందో అడిగితే తెలుస్తుంది. రాళ్ల మధ్య, గొట్టంలో, సంచిలో ఎప్పుడూ గుప్పెడు పాత పిండి ఉండిపోతుంది. పెద్దవాళ్లు తినే రెండు కిలోల గోధుమపిండిలో అది కలిసినా ఎవరికీ తెలియదు. కిలో ఉగ్గుపిండిలో కలిస్తే మొదటి డబ్బా అంతా అదే. ముందు ధనియాలు ఆడించి ఉంటే వాసనకే బిడ్డ మొహం తిప్పేస్తుంది. మిరపకాయలు ఆడించి ఉంటే చిటికెడు చాలు, నోరు మండి మళ్లీ చెంచా చూస్తేనే ఏడుపు. వేరుశనగలో గోధుమలో అయితే, అవి పడని బిడ్డకు దద్దుర్లు వస్తాయి, కారణం ఇంట్లో ఎవరికీ అంతుబట్టదు.

ఇక్కడ కారం మిషను వెనక గదిలో, పిండి మిషను ముందు గదిలో ఉన్నాయి. ఉగ్గుపిండికి పొద్దున 7 గంటలకు మొదటి వంతు ఇస్తారు. ముందుగా అర కిలో బియ్యం పోసి రాళ్లు శుభ్రం చేసి, ఆ పిండి పక్కన పెట్టేసి, గుడ్డ సంచి మార్చి, అప్పుడు మన గింజలు పోస్తారు. అడగకుండానే ఇంత చేసే మర అరుదు. ఎనిమిదిన్నర దాటితే మాత్రం వరస కలిసిపోతుంది, పది గంటలకు వెనక గదిలో కారం మొదలైతే ఘాటు ముందు గదిలోకి కూడా వస్తుంది. అందుకని పెందలాడే వెళ్లండి. ఆలస్యమైతే ఒక్క మాట అడగండి: "అన్నా, ఇంతకుముందు ఏం ఆడించావు?" మినప్పప్పో బియ్యమో అంటే పరవాలేదు. ఇంకేదైనా అయితే సంచి అక్కడే పెట్టి మర్నాటి వంతు తీసుకోవడం మేలు.

అడగాల్సింది ఇంకొకటి ఉంది. రాళ్లు అరిగి నున్నబడితే పిండి సరిగా నలగదు, అందుకని కొన్నాళ్లకొకసారి కక్కు కొట్టిస్తారు, అంటే ఉలితో రాళ్లకు మళ్లీ గరుకు తెప్పిస్తారు. కొట్టించిన కొత్తలో రాతిపొడి రాలుతుంది. ఆ రెండు మూడు రోజులు ఉగ్గుపిండి ఆడించకూడదు. అనుమానం ఉంటే చిటికెడు పిండి ముందుపళ్ల మధ్య పెట్టి నెమ్మదిగా కొరికి చూడండి, ఇసుక తగిలినట్టు కరకరమంటే ఆ పిండి బిడ్డకు వద్దు. ఈ మరలో కక్కు కొట్టించిన రోజు అడిగితే దాచకుండా చెబుతారు.

కూలి కిలోకి 30 రూపాయలు. మామూలు పిండికన్నా పది ఎక్కువే, రాళ్లు శుభ్రం చేసే పని కలిపి ఇచ్చే ధర కాబట్టి న్యాయంగానే ఉంది. కిలోకి తక్కువైతే తీసుకోరు, తీసుకున్నా తరుగు ఎక్కువ పోతుంది. మొదటి నెలలో బిడ్డకు అంత పిండి అక్కర్లేదు కూడా. అప్పటికి బియ్యం, పెసరపప్పు పావుకిలో ఇంట్లో మిక్సీలో ఆగి ఆగి తిప్పి సన్న జల్లెడ పడితే సరిపోతుంది. మర నిజంగా కావలసింది రాగులకు. రాగి పొట్టు మిక్సీలో మెత్తగా నలగదు, జల్లెడలో సగం పైనే మిగిలిపోతుంది.

ఏం పట్టుకెళ్లాలి అన్నదానికి లెక్క సులువు. గింజలు మూడు పాళ్లు, పప్పు ఒక పాలు. ముందుగా 750 గ్రాముల బియ్యం, 250 గ్రాముల పెసరపప్పు, అంతే. బియ్యం నెల్లూరు మొలకొలుకుల రకమే కావాలని లేదు, ఇంట్లో వండేవి చాలు. కడిగి నీడన ఆరబెట్టి, తర్వాత ఎండలో పోసి, బాండలిలో విడివిడిగా వేయించాలి. కలిపి వేయిస్తే పప్పు మాడిపోయేసరికి బియ్యం ఇంకా పచ్చిగానే ఉంటుంది. బియ్యం తెల్లబడి కొంచెం ఉబ్బాలి, పప్పు కమ్మటి వాసన రావాలి, ఎర్రబడకూడదు. చల్లారాక ఒక గింజ కొరికితే కటుక్కుమనాలి. సాగినట్టుంటే లోపల తడి ఉందన్నమాట. తడి గింజ రాళ్లకు అంటుకుని పిండి ఉండలు కడుతుంది, వారం తిరక్కుండా బూజు వాసన వస్తుంది. తడి గింజలు తెస్తే ఇక్కడి మరాయన వేళ్లతో నలిపి చూసి వెనక్కి పంపేస్తాడు. విసుక్కోవద్దు, ఆయన చేసేది మంచిపనే.

వారం పదిరోజులు ఇది సరిపడితే తర్వాత రాగులు. ముందు ఐదారు నీళ్లు మార్చి గాలించాలి, అడుగున ఇసుక, మట్టిగడ్డలు దిగుతాయి. రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ఒకటి ఒకటిన్నర రోజు ఉంచితే సన్నగా మొలక తెల్లగా కనిపిస్తుంది. బియ్యపుగింజలో సగం పొడుగు దాటనివ్వకూడదు, ఎక్కువ పెరిగితే చేదెక్కుతుంది. మూట జిగురుగా, పుల్లని వాసనగా ఉంటే పారేయాలి. బాగా ఎండాక చేటలో వేసి అరచేత్తో రుద్దితే మొలకలు ఊడిపోతాయి. తర్వాత వేడి తగిలే వరకే వేయించి ఆడించాలి.

మొలకెత్తించడం ఎందుకంటే, మొలకలో పిండిపదార్థాన్ని కరిగించే గుణం ఉంటుంది. గట్టిగా కాచిన ఉగ్గు గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒక టీస్పూను మొలక రాగిపిండి వేసి కలిపితే, నీళ్లు పోయకుండానే జారుగా అవుతుంది. అప్పుడు ఒక్క పొంగు రానిచ్చి దించాలి. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్లు పోసి పలచన చేస్తే నీళ్లతోనే నిండిపోతుంది. జారుగా ఉన్నా పిండి తగ్గకుండా ఉండాలంటే ఇదే దారి. రాగుల్ని ఎక్కువగా వేయిస్తే ఆ గుణం చచ్చిపోతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అందుకే ఇంత శ్రమా. ఇనుము విషయంలో మాత్రం రాగుల మీదే ఆధారపడొద్దు, గింజల్లోని ఇనుము ఒంటికి కొద్దిగానే పడుతుంది. మునగాకు ఉడికించి మెదిపి కలిపి, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే కాస్త నయం. గుడ్డు, ముల్లు తీసిన చేప, బాగా ఉడికించి మెదిపి ఆరు నెలలు దాటిన బిడ్డకు పెట్టొచ్చు.

ఇక కౌంటరు మీద అమ్మే పొట్లం. అరకిలో 280 రూపాయలు. బియ్యం, రాగులు, గోధుమలు, మూడు రకాల పప్పులు, సజ్జలు, వేరుశనగ, బాదం, జీడిపప్పు, పిస్తా, యాలకులు, సగ్గుబియ్యం, పటికబెల్లం, మొత్తం పద్నాలుగు. ఆడింపు మెత్తగా ఉంది, వాసన కమ్మగా ఉంది, రంగులు కలపలేదు. అయినా ఆరేడు నెలల బిడ్డకు ఇది వద్దనే చెప్పాలి. పద్నాలుగూ ఒక్కసారే లోపలికి పోతే, ఒళ్లు దద్దుర్లెక్కినప్పుడు ఏది పడలేదో ఎలా తెలుస్తుంది? కొత్తది ఏదైనా ఒక్కొక్కటిగా, మూడు నాలుగు రోజులు చూసి, ఇంకొకటి కలపాలి. పటికబెల్లం ఇప్పుడే అలవాటైతే చప్పటి ఉగ్గు ఇక ముట్టదు. పైగా జీడిపప్పు, బాదం నూనె గింజలు. నెల్లూరు ఉక్కకి మూడు వారాల్లో ఆ పొడి నూనె కంపు కొడుతుంది. వేరుశనగలో బూజు పట్టిన గింజ ఒకటి కలిసినా దాని విషం వేయిస్తే పూర్తిగా పోదు, అది కంటితో ఏరాల్సిందే, పొడి చేశాక ఏరలేం. అన్నిటికన్నా పెద్ద లోపం, పొట్లం మీద ఆడించిన తేదీ లేదు. పిల్లల తిండి అమ్మేవాళ్లు తేదీ వేయకపోవడం ఒప్పుకోదగ్గది కాదు. ఏడాది దాటిన బిడ్డకు, పటికబెల్లం లేకుండా, నట్స్ మనమే ఏరి ఇచ్చి ఆడించుకుంటే అది వేరే మాట.

కౌంటరు దగ్గర వసకొమ్ము కూడా వేలాడుతుంటుంది. నాలుక తిరుగుతుందని అరగదీసి నాకించడం మన వైపు పాత అలవాటు. అది కొనొద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు, తర్వాత కూడా వసతో వచ్చే మేలు లేదు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకి రాయకూడదు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంతో పోల్చి అడిగేవాళ్లున్నారు. దాంట్లో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార ముందే ఉంటాయి, కాబట్టి బెల్లం చక్కెర మళ్లీ వేయనక్కర్లేదు. గోధుమ, పాలు పడే బిడ్డకు అది పెట్టుకుంటూ ఇంటి ఉగ్గు కూడా ఒక పూట పెట్టుకోవచ్చు. డబ్బు పెట్టి పొట్లం కొనడం కన్నా ఆ రెండూ కలిసిన దారే నయం.

పిండి ఇంటికొచ్చాక చెడిపోయేది ఎక్కువగా మొదటి గంటలోనే. మరలోంచి వచ్చిన పిండి చేతికి వేడిగా తగులుతుంది. ఆ వేడి మీదే స్టీలు డబ్బాలో పోసి మూత పెడితే మూత లోపల చెమట పడుతుంది, ఆ చుక్క పడ్డచోట ఉండ కట్టి బూజు మొదలవుతుంది. ఇంటికి రాగానే పాత నూలుచీర మీద పలచగా పరిచి, ఫ్యాను కింద రెండు గంటలు చల్లారనిచ్చి డబ్బాకెత్తండి. వాడుకకి ఒక చిన్న సీసాలో వారానికి సరిపడా తీసుకుని, పెద్ద డబ్బా మాటిమాటికీ తెరవకుండా ఉంటే నెల రోజులు నిలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర ముసురు పట్టినప్పుడు ఎండ నమ్మకండి. గింజలు బాండలిలో సన్నమంట మీద ఎక్కువసేపు కదుపుతూ ఆరనివ్వాలి, రెండు మూడు వారాలకు మించి పిండి ఉంచుకోకూడదు. పక్కింటివాళ్లతో కలిసి కిలో ఆడించుకుని పంచుకుంటే ఎవరికీ పిండి పాడవదు.

కాచేటప్పుడు, 20 గ్రాముల పిండి, అంటే రెండు టేబుల్ స్పూన్లు. దాన్ని ముందు కొంచెం చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్లలో పోసి, సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉడికించాలి. వేడినీళ్లలో పిండి నేరుగా వేస్తే బయట ఉడికి లోపల పచ్చిగా ఉండలు మిగులుతాయి. చెంచా వంచితే గబుక్కున జారిపోకుండా నెమ్మదిగా జారాలి. ఆ 20 గ్రాముల్లో 70 కేలరీలే ఉంటాయి, ఒక టీస్పూను నెయ్యి వేస్తే ఇంకో 45 కలుస్తాయి, అందుకే నెయ్యి మానొద్దు. ఇంటి ఉగ్గులో ఉప్పు, పంచదార ఏడాది దాకా కలపొద్దు. మొదట్లో పూటకి రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు సార్లు చాలు. ఎనిమిదో నెలకి అరకప్పు, రెండు మూడు సార్లు. తొమ్మిది నెలలు దాటాక మూడు నాలుగు సార్లు. తల్లిపాలు ఆపకూడదు. ఉగ్గుగిన్నెలో మిగిలింది రెండు గంటలు దాటితే పారేయాలి, రోహిణీకార్తెలో అయితే అంతసేపు కూడా ఉంచొద్దు.

కనిగిరి, పొదిలి వైపు నుంచి నెల్లూరు వచ్చి ఆడించుకుని వెళ్లేవాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. ఆ ప్రాంతాల బోరునీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. ఉగ్గు కాయడానికి ఫ్లోరైడ్ లేని తాగునీళ్లే వాడండి, బోరునీళ్లు కాచి వాడితే చాలులే అనుకోవద్దు.

తొమ్మిదో నెల దగ్గర పడుతుంటే మరాయనతో "ఈసారి మెత్తగా కాదన్నా, సన్న నూకలా తియ్యి" అని చెప్పండి. రాళ్లు కొంచెం ఎడం చేసి ఆయన చక్కగా తీసిస్తాడు. పది నెలలు వచ్చినా జారుడు ఉగ్గే పెడుతుంటే, తర్వాత మెతుకు తగిలినా ఉమ్మేసే పిలకాయలు ఎక్కువవుతారు. ఆదివారం మర సెలవు, శనివారం పొద్దున రద్దీ, మంగళ బుధవారాల్లో ఏడింటికి వెళ్తే పావుగంటలో పని అవుతుంది. డబ్బా మనదే తీసుకెళ్లాలి. లోపల తడి లేకుండా ముందురోజే కడిగి ఎండబెట్టుకోండి.