విశ్వవిద్యాలయ మెయిల్‌కు థండర్‌బర్డ్: ల్యాప్‌టాప్‌లో ఉంచుకున్నాను, ఫోన్‌లో తీసేశాను

గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ విజయవాడలోని ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పే నాకు రెండు అధికారిక మెయిల్ చిరునామాలు ఉన్నాయి. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరినప్పుడు విశ్వవిద్యాలయం ఇచ్చినది ఒకటి, కళాశాలది మరొకటి. ఇన్నాళ్లూ రెండింటినీ బ్రౌజర్‌లోనే తెరిచి చూసుకునేదాన్ని. రైల్లో వెళ్లేటప్పుడు గైడ్ గారి దిద్దుబాట్లు చదువుకుందామని కూర్చుంటే నంబూరు దాటి మంగళగిరి వచ్చేదాకా పేజీ తెరుచుకోకుండా గుండ్రంగా తిరుగుతూ ఉండేది. ఉత్తరాలు నా దగ్గరే ఉంటే ఈ తిప్పలు తప్పుతాయి కదా అని, రెండు నెలల క్రితం ల్యాప్‌టాప్‌లో మోజిల్లా వారి మెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్‌ను, ఫోన్‌లో అదే పేరుతో ఉన్న ఆండ్రాయిడ్ యాప్‌ను పెట్టుకున్నాను. రెండూ ఉచితమే.

మొదటి రోజు మొత్తం వృథా అయింది. అందులో థండర్‌బర్డ్ తప్పేమీ లేదు. విశ్వవిద్యాలయ మెయిల్ కోసం విభాగంలో మాకు ఇచ్చిన సూచనల కాగితంలో పాప్ (ఉత్తరాలను దింపుకునే ఒక పద్ధతి), 995 పోర్టు (మెయిల్ సర్వర్‌లోకి వెళ్లే ద్వారం సంఖ్య), మామూలు పాస్‌వర్డ్ అని ఉంది. నేను అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపాను. బ్రౌజర్‌లో చక్కగా పనిచేస్తున్న పాస్‌వర్డ్‌నే ఇక్కడ తప్పని తిప్పికొట్టింది. సహాయానికి ఫోన్ చేస్తే, అవతల ఉన్న అబ్బాయి ఎంతో మర్యాదగానే, "మేడమ్, ఒకసారి పాస్‌వర్డ్ మార్చి చూడండి" అన్నాడు. మార్చాను. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. మూడోసారి మార్చాక కొత్త పాస్‌వర్డ్ నాకే గుర్తులేకుండా పోయింది.

అసలు సంగతి ఏమిటంటే, చిరునామా చివర విశ్వవిద్యాలయం పేరు ఉన్నా ఉత్తరాలు ఉండేది గూగుల్ ఇంట్లో. బయటి మెయిల్ ప్రోగ్రామ్‌లు నేరుగా పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి రావడాన్ని గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022లోనూ, సంస్థల ఖాతాలకు 2025లోనూ ఆపేసింది. మైక్రోసాఫ్ట్ కూడా 2022 అక్టోబరు నుంచి తన సంస్థాగత మెయిల్‌లో అదే పని మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రోగ్రామ్ మన పాస్‌వర్డ్ అడగదు. గూగుల్ పేజీని ఒక చిన్న కిటికీలో తెరుస్తుంది, మనం అక్కడ లాగిన్ అయి అనుమతిస్తే దానికొక తాళంచెవి లాంటిది దొరుకుతుంది. ఈ పద్ధతి పేరు ఓఆత్. మా కాగితం అంతకు ముందు కాలానిది. కాబట్టి ఎవరైనా ముందుగా చేయవలసింది తమ మెయిల్‌ను బ్రౌజర్‌లో తెరిచి, కనబడేది జీమెయిల్ పేజీయా, ఔట్‌లుక్ పేజీయా అని చూసుకోవడం. అది తేలితే సగం పని అయిపోయినట్టే.

మర్నాడు కాగితం పక్కన పెట్టి, థండర్‌బర్డ్‌లో నా పేరు, చిరునామా మాత్రమే ఇచ్చి ముందుకు నొక్కాను. ఈ చిరునామాకు వచ్చే మెయిల్ గూగుల్‌కు చేరుతోందని అది తనంతట తానే కనిపెట్టి, ఐమ్యాప్ పద్ధతిని ఎంచి, లోపలికి వచ్చే మెయిల్‌కు 993 పోర్టు పెట్టి, బయటికి వెళ్లే మెయిల్ వివరాలు కూడా నింపేసింది. గూగుల్ కిటికీ తెరుచుకుంది, పక్కనున్న ఫోన్ గుర్రుమని "లాగిన్ అవుతున్నది మీరేనా" అని అడిగింది, అవునన్నాను. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. కుకీలను, అంటే వెబ్ పేజీలు మన యంత్రంలో దాచుకునే చిన్న గుర్తులను, అనుమతించకపోతే మాత్రం ఆ కిటికీ పని చేయదు. వాటిని ఆపేసుకునే అలవాటున్న వాళ్లు సెట్టింగుల్లో ఒకసారి చూసుకోవాలి.

పాప్ కాదు, ఐమ్యాప్ కావాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, పాప్ ఉత్తరాలను ఒక యంత్రంలోకి దింపుకుంటుంది, అక్కడ చదివినదీ పంపినదీ మరో చోట తెలియదు. ఐమ్యాప్‌లో ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో చదివితే ఫోన్‌లోనూ చదివినట్టే కనబడుతుంది. అయితే ఒకచోట తొలగిస్తే అన్నిచోట్లా పోతుంది, ఆ జాగ్రత్త మనదే.

థండర్‌బర్డ్ మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే ఉంది. ఖాతా కలిసిన వెంటనే అది అడగకుండానే అన్ని ఫోల్డర్లలోని ఉత్తరాలనూ దింపుకోవడం మొదలుపెడుతుంది. జీమెయిల్‌లో "ఆల్ మెయిల్" అనే ఫోల్డర్‌లో దాదాపు అన్ని ఉత్తరాలూ ఇంకోసారి కనబడతాయి. అంటే ఇన్‌బాక్స్‌లో ఉన్న అధ్యాయమే అక్కడి నుంచి మళ్లీ దిగుతుందన్నమాట. ఇంట్లో నెట్ లేని రోజు ఫోన్ హాట్‌స్పాట్ మీద ఈ పని పెట్టుకున్నాను. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీ కాఫీ తాగి వచ్చేలోపు ఖాళీ అయింది. సింక్రనైజేషన్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఫోల్డర్ దగ్గర టిక్కు తీసేస్తే సరిపోతుందని తరువాత తెలిసింది.

ఆ తరువాత మాత్రం హాయిగా ఉంది. రైల్లో నెట్ లేకపోయినా పాత ఉత్తరాలన్నీ తెరుచుకుంటున్నాయి, రాసి పెట్టుకున్న జవాబులు విజయవాడ స్టేషన్‌లో దిగాక పంపుకుంటున్నాను. యూనికోడ్ తెలుగు ఎక్కడా చెదరలేదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసిన వ్యాసాన్ని ఉత్తరంలో అతికిస్తే గజిబిజి అక్షరాలే వస్తాయి గానీ, అది ఏ మెయిల్‌లోనైనా ఉన్న బాధే. పెద్ద ఫైళ్ల విషయంలో బ్రౌజరే నయం. అక్కడ 25 ఎంబీ దాటితే గూగుల్ దాన్ని డ్రైవ్ లింకుగా మార్చి పంపుతుంది, థండర్‌బర్డ్‌లో ఆ ఏర్పాటు దానంతట అది రాదు.

కళాశాల మెయిల్ మైక్రోసాఫ్ట్‌ది. అక్కడ లాగిన్ సజావుగా సాగి, చివరి మెట్టు మీద "నిర్వాహకుల ఆమోదం కావాలి" అని ఆగిపోయింది. సంస్థ తరఫున ఖాతాలు చూసేవారు థండర్‌బర్డ్‌ను ఒకసారి అనుమతిస్తే తప్ప మనం చేయగలిగింది లేదు. అర్జీ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. అంతవరకు దానికి ఔట్‌లుక్ యాప్‌తోనే సరిపెట్టుకుంటున్నాను.

ఇక ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్ 2024 అక్టోబరులో వచ్చింది. అంతకు ముందు నుంచీ ఉన్న కే-9 మెయిల్ అనే యాప్‌నే మోజిల్లా వైపువాళ్లు దగ్గరకు తీసుకుని ఇలా తీర్చిదిద్దారు. ల్యాప్‌టాప్‌లోని ఖాతా వివరాలను క్యూఆర్ కోడ్‌గా చూపించి ఫోన్‌తో స్కాన్ చేసుకునే ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మళ్లీ పోర్టులూ పేర్లూ కొట్టనక్కరలేదు, గూగుల్ లాగిన్ మాత్రం ఇంకోసారి చేయాలి. అయినా నా ఫోన్‌లో ఉత్తరాలు వచ్చినట్టు కబురు ఆలస్యంగా అందేది. బ్యాటరీ పొదుపు కోసం ఫోనే దాన్ని నిద్రపుచ్చుతోందని తెలిసి ఆ కట్టడి తీసేస్తే కొంత మెరుగుపడింది గానీ, వైవా తేదీ మారిన కబురు ఒక పూట ఆలస్యంగా చూశాక నాకు ఓపిక పోయింది.

ఫోన్‌లో ముందే ఉన్న జీమెయిల్ యాప్‌కే ఈ ఖాతాను కలిపాను. అక్కడ ఒక సంగతి గమనించాలి. కలిపేటప్పుడు సంస్థ విధించిన నియమాల ప్రకారం స్క్రీన్ లాక్ తప్పనిసరి అన్నది. కొన్ని సంస్థలు పరికరంపై ఇంకా ఎక్కువ అధికారం అడుగుతాయి, కాబట్టి ఆ తెర మీద రాసి ఉన్నది చదవకుండా ఒప్పుకోవద్దు. మా ఇంట్లో అయితే నా ఫోన్‌లో పొద్దున్నే సుప్రభాతం పెట్టుకునే అత్తయ్య గారికి నాలుగంకెల పిన్ నేర్పవలసి వచ్చింది.

మా తమ్ముడు ఐఫోన్‌లో యాపిల్ మెయిల్‌కే తన ఖాతాను కలుపుకున్నాడు. పని చేస్తుంది, కానీ జీమెయిల్ ఉత్తరాలు అందులో వచ్చిన క్షణాన కాకుండా వంతులవారీగా దిగుతాయి.

థండర్‌బర్డ్‌ను ల్యాప్‌టాప్‌లో ఉంచుకోవడానికి నాకున్న అసలు కారణం వేరు. పీహెచ్‌డీ పూర్తయ్యాక ఈ చిరునామాను ఎప్పుడైనా మూసేయవచ్చు. ఐమ్యాప్ ఫోల్డర్లలో కనబడేవి సర్వర్ మీది ఉత్తరాలకు ప్రతిబింబాలు కాబట్టి వాటిని నమ్ముకోలేం. థండర్‌బర్డ్‌లో ఎడమవైపు కింద ఉండే "లోకల్ ఫోల్డర్స్"లోకి కాపీ చేసినవి మాత్రమే పూర్తిగా మన కంప్యూటర్‌వి. గైడ్ గారితో నడిచిన ఉత్తరాలన్నీ మొన్న ఆదివారం అందులోకి కాపీ చేసి, ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి బీరువాలో పెట్టాను.