రంగుల ఇంజన్ల కోసం ఇంగ్లండులో: యార్క్, బ్లూబెల్, డిడ్‌కాట్, స్విండన్

పొగబండి ఇంజన్లు చూడ్డానికి ఇంగ్లండ్ వెళ్లే మనవాళ్లు కొందరున్నారు. వాటి మీది రంగూ అక్షరాలూ చూడ్డానికే వెళ్లేవాళ్లు తక్కువ. విజయవాడలో షాపుల బోర్డులు రాసి బతికి, ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కన పెట్టినవాణ్ని. నాకు మాత్రం అదే పని. రెడింగ్‌లో మా బావమరిది ఇంట్లో దిగి నాలుగు చోట్లకి వెళ్లొచ్చాను. పెట్టిన ఖర్చుకి ఎక్కడ ఎంత గిట్టుబాటో రాస్తున్నాను.

మొదట యార్క్. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి సుమారు రెండు గంటలు. రైలు టికెట్ చాలా ముందుగా కొనండి, ఆఖరి నిమిషం ధర చూస్తే ప్రయాణం మానుకోవాలనిపిస్తుంది. స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడకలోనే నేషనల్ రైల్వే మ్యూజియం. లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు.

జనమంతా మలార్డ్ చుట్టూ మూగుతారు. 1938 జులై 3న గంటకి 126 మైళ్ల వేగం అందుకున్న ఇంజన్ అది, ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇంకా దానిదే. నాకు వేగంతో పనిలేదు, దాని నీలం చూడాలి. గార్టర్ బ్లూ అంటారు. చక్రాలకి ముదురు ఎరుపు వేశారు. ఇదే రకంలో మొదటి ఇంజన్లు 1935లో వెండి, బూడిద ఛాయల్లో వచ్చాయి, సిల్వర్ జూబ్లీ రైలుకి జోడీగా. 1937లో కరోనేషన్ రైలు కోసం నీలం తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అన్నిటికీ నలుపే. ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండిని టెండర్ అంటారు. దాని మీద కంపెనీ పేరు (లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే) ఎల్.ఎన్.ఇ.ఆర్. అని నాలుగక్షరాల్లో రాయడం కూడా దండగనుకుని ఎన్.ఇ. అని రెండింటితో సరిపెట్టారు.

అదే హాల్లో డచెస్ ఆఫ్ హామిల్టన్ ఉంది. ఎర్రటి ఒంటి మీద ముక్కు నుంచి వెనకదాకా సాగిన బంగారు పట్టీలు. అంత పొడుగునా పట్టీ వెడల్పు చెదరకుండా లాగడం ఎంత కష్టమో బ్రష్ పట్టినవాడికే తెలుస్తుంది. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. గాలిని చీల్చుకుపోవడానికి తొడిగిన ఆ రేకు తొడుగుని 1940లలో ఊడదీసేశారు. ఇప్పుడున్నది 2009లో మళ్లీ చేసి తొడిగింది. అంటే మనం చూస్తున్న ఎరుపు ఈ శతాబ్దంలో వేసినదే. ప్రతి మ్యూజియం ఇంజన్ సంగతీ దాదాపు ఇంతే. అది పనిచేసినన్నాళ్లూ రకరకాల రంగుల్లో తిరిగుంటుంది, వాటిలో ఏ ఏడాదిని చూపించాలో ఎవరో కూర్చుని తేల్చి ఉంటారు. ఇంజన్ ఎదుట నిలబడి "ఇది ఏ ఏడాది రంగు?" అని అడగండి. అక్కడి వాలంటీర్లకి ఆ ప్రశ్నంటే ఎంత ఇష్టమో! నన్నొకాయన అరగంట వదల్లేదు.

పాత రంగు తేల్చడం మాత్రం తేలిక కాదు. రంగు మీద వార్నిష్ పూస్తారు, అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. క్లీనర్లు నూనె గుడ్డతో రోజూ తుడిచి ఛాయని ఇంకా ముదురు చేస్తారు. పాత ఫొటోల్ని నమ్ముదామా అంటే, అప్పటి ఫిల్ములో ఎరుపు నల్లగానూ నీలం తెల్లగానూ పడేది. పైగా కొత్త ఇంజన్‌కి కంపెనీ ఫొటో తీయించాలంటే ముందు బూడిద రంగు వేసేవాళ్లు, వివరాలు స్పష్టంగా పడతాయని.

యార్క్‌లో నా ఓటు మాత్రం 737 నంబరుదానికి. సౌత్ ఈస్టర్న్ అండ్ చాటమ్ కంపెనీ 1901లో కట్టింది. ఆకుపచ్చ ఒళ్లు, బాయిలర్ నెత్తిన తళతళలాడే ఇత్తడి డోము, అంచు వెంబడి గీత లోపల గీత. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ షోకంతా వదిలేసి ఆ కంపెనీ బూడిద రంగులోకి దిగిపోయింది. అక్షరాల షేడు దగ్గర నేను చాలాసేపే ఆగాను. వెలుగు ఒక పక్క నుంచి పడుతున్నట్టు నీడ వేయడం మేం దుకాణాల బోర్డులకి చేసిందే. కాకపోతే చాలా కంపెనీలు ప్రతి అక్షరాన్నీ చేత్తో రాయించలేదు, ముందే అచ్చేసి ఉంచిన అక్షరాల్ని (ట్రాన్స్‌ఫర్లు అంటారు) అంటించి పైన వార్నిష్ కొట్టించాయి.

తర్వాతి కాలానికి ఆ నీడలు పోయాయి. ఎల్.ఎన్.ఇ.ఆర్. 1929లో పోస్టర్లకీ బోర్డులకీ గిల్ సాన్స్ అనే నీడలూ కొసలూ లేని సాదా అక్షరాన్ని తీసుకుంది. 1932లో ఆ అక్షరాన్ని గీసిన ఎరిక్ గిల్ తానే కుంచె పట్టి ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ రైలుకి హెడ్‌బోర్డు, అంటే ఇంజన్ ముందు తగిలించే పేరు పలక, రాశాడు. 1948లో రైల్వేలన్నీ ప్రభుత్వం చేతికి వచ్చాక ఇంజన్ నంబర్లకీ అదే అక్షరం. సాఫీగా ఉంటుంది, దూరం నుంచి చదవొచ్చు. నాకైతే పెద్దగా రుచించదు.

బస సంగతి. బూతమ్ వైపు ఒక గెస్ట్ హౌస్‌లో దిగాం. ఉదయం టిఫిన్ బాగుంది, మెట్లు మాత్రం నిలువుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్లుంటే కింది గది ఉందేమో ముందే అడగండి. గుర్రప్పందేల రోజుల్లో యార్క్‌లో గదుల ధర పైకి పోతుంది, ఆ తేదీలు తప్పించండి. ఇంజన్లని యార్క్‌కీ షిల్డన్‌లోని లోకోమోషన్ మ్యూజియానికీ మధ్య మారుస్తుంటారు, ఫలానాదే చూడాలనుంటే వెబ్‌సైట్‌లో వెతికి బయల్దేరండి.

మ్యూజియం దీపాల కింద రంగు పూర్తిగా తెలియదు. ఎండ కావాలి, కాస్త మసి కూడా పడాలి. అందుకే బ్లూబెల్ రైల్వే. లండన్ విక్టోరియా నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా మామూలు రైలు, అక్కణ్నించి ఆవిరి బండి. మూతపడ్డ పాత లైనుని ఔత్సాహికులు 1960లో మళ్లీ నడపడం మొదలుపెట్టారు, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా 2013లో కలిసింది, మొత్తం పదకొండు మైళ్లు. టికెట్ చవకేం కాదు. కానీ ఇక్కడ రంగు ఇంజన్‌తో ఆగదు. షెఫీల్డ్ పార్క్ స్టేషన్ విక్టోరియా రాణి కాలం నాటిది, హోర్‌స్టెడ్ కీన్స్ ఇంగ్లండు సదరన్ రైల్వే కంపెనీ (1923-47) నాటిది, కింగ్స్‌కోట్ 1950లది. బోర్డులు, ప్రకటనలు, తలుపుల రంగు, అన్నీ ఆయా కాలానివే.

ఇక్కడి స్టెప్నీ అనే చిన్న ఇంజన్‌ని 1875లో కట్టారు. అప్పట్లో ఈ వైపు రైళ్లు నడిపిన బ్రైటన్ కంపెనీలో ఇంజన్ల పెద్ద విలియం స్ట్రౌడ్లీ. ఆయన తన ఇంజన్లకి వేయించిన రంగు అచ్చం బంగినపల్లి పండు ఛాయ. కాగితాల్లో దాని పేరు 'ఇంప్రూవ్డ్ ఇంజన్ గ్రీన్'! ఆయనకి రంగులు సరిగా ఆనేవి కావని ఒక కథ చెబుతారు, నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ పసుపుకి ముదురాకుపచ్చ అంచు పెట్టి, మధ్యన సన్నటి గీతలు వేయించినవాడు రంగు తెలిసినవాడే.

"బావా, ఇంత షోకు బొగ్గు మోసేదానికెందుకు?" అన్నాడు మా బావమరిది. కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడే రోజులవి. 1923లో వాటిని కలిపేసి నాలుగు పెద్ద కంపెనీలు చేసేదాకా, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడికి బండి ఎవరిదో రంగే చెప్పేది. మిడ్‌లాండ్ అయితే ఎరుపు, గ్రేట్ ఈస్టర్న్ నీలం, లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ నలుపు. ఆ నలుపు మీది ఎరుపు, మీగడ, బూడిద గీతల్ని 1948 తర్వాత ప్రభుత్వ రైల్వే కూడా తన నల్ల ఇంజన్లకి తీసుకుంది.

రెడింగ్‌లో ఉండేవాళ్లకి డిడ్‌కాట్ దగ్గర. డిడ్‌కాట్ పార్క్‌వే స్టేషన్‌లోంచే అక్కడి ఇంజన్ల మ్యూజియం, రైల్వే సెంటర్‌కి దారి. గ్రేట్ వెస్టర్న్ ఆకుపచ్చని, రాగి టోపీ పొగగొట్టాల్ని, ఇత్తడి పోత నంబరు పలకల్ని 1932 నాటి అసలు షెడ్డులోనే చూడొచ్చు. 1934 నుంచి టెండర్ మీద జి.డబ్ల్యు.ఆర్. అక్షరాల్ని గుండ్రంగా అల్లేసి చొక్కా గుండీ అనిపించుకున్న ముద్ర వేశారు. అంతకుముందు నిండుగా రాసిన 'గ్రేట్ వెస్టర్న్' ముందు అది తేలిపోతుంది. ఆవిరి ఇంజన్ నడిపే రోజులు చూసుకుని వెళ్లండి. గడ్డి మీద కూర్చుని చెల్లెమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం.

స్విండన్‌లోని స్టీమ్ మ్యూజియానికి టికెట్ ఉంది. 4073 కేర్‌ఫిల్లీ కాజిల్ మీది నారింజ, నలుపు గీతల్ని దగ్గరగా చూడ్డానికి అంతకన్నా మంచి చోటు లేదు. అయినా డిడ్‌కాట్ చూసినవాళ్లు దీన్ని వదిలేయొచ్చు. ఇంట్లోవాళ్లకి ఇంజన్లంటే విసుగైతే మాత్రం లెక్క మారుతుంది. ఈ మ్యూజియం ఉన్న పాత రైల్వే వర్క్‌షాపులో మిగతా షెడ్లు కొన్ని ఇప్పుడు షాపింగ్ సెంటర్, వాళ్లని అటు పంపి మీరు ఇటు రావచ్చు.