సూర్యుడి మచ్చలు చూపించే పొర: బాడర్ సోలార్ ఫిల్మ్ వాడి చెప్తున్న మాట

టెలిస్కోపు కొన్నవాళ్లు చంద్రుణ్ణి, శనిని చూసి మురిసిపోతారు. ఆ తర్వాత అది అటకెక్కుతుంది. హనుమకొండలో మా డాబా మీద మాత్రం పట్టపగలు కూడా దానికి పనుంది. అందుకు కారణం బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్, సూర్యుణ్ణి చూడటానికి టెలిస్కోపు ముందు బిగించే పొర. చూడటానికి వెండి కాగితంలా ఉంటుంది, ఏ4 సైజులో వస్తుంది. నేను సర్కారు బడిలో ఫిజికల్ సైన్స్ చెప్తాను, నా దగ్గరున్నది 70 మి.మీ. టెలిస్కోపు.

కొనేటప్పుడు 5.0 డెన్సిటీ రకమే అడగండి. అది సూర్యకాంతిలో లక్షో వంతును మాత్రమే లోపలికి రానిస్తుంది. 3.8 అని ఇంకోటి అమ్ముతారు. అది ఫొటోలు తీయడానికే, కంటితో చూడటానికి పనికిరాదు. దళసరి అట్టతో గొట్టం ముందుకు సరిపోయే మూత చేసి, ఫిల్మ్‌ను డబుల్ సైడ్ టేపుతో అతికించాను. బిగుతుగా లాగొద్దు. వదులుగా, కొంచెం ముడతలుగా ఉంటేనే బొమ్మ స్పష్టంగా వస్తుంది. ఆ ముడతలు చూసి నాసిరకం అనుకోకండి.

వేసవి సెలవుల్లో మా గల్లీ పిల్లలు వరుసగా నిలబడి చూశారు. మొదటి పిల్ల అడిగిన మాట: "సార్, సూర్యుడు తెల్లగున్నడేంది?" నిజానికి సూర్యుడి రంగు తెలుపే, పసుపు, ఎరుపు మన గాలి పొరల వల్ల వచ్చేవి. ఈ ఫిల్మ్ రంగు కలపకుండా ఉన్నదున్నట్టు చూపిస్తుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. వేయి స్తంభాల గుడిలో శివుడు, విష్ణువుతో పాటు సూర్యుడికీ గర్భగుడి ఉంది కాబట్టి ఇక్కడి పిల్లలకు ఆయన ఎరుకే. మచ్చలున్న సూర్యుడే వాళ్లకు కొత్త.

మచ్చ నడుమ కారు నలుపు, దాని చుట్టూ బూడిద రంగు అంచు ఉంటాయి. 10 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే రెండూ విడివిడిగా తెలుస్తాయి. అక్కడ అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉంటుందంటే, కింది నుంచి పైకి పొంగే వేడిని అడ్డుకుంటుంది. చుట్టుపక్కల 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే మచ్చ నడుమ సుమారు 3,500 ఉంటుంది. చుట్టూ ఉన్న వెలుగు ముందు నల్లగా కనపడుతుంది, అంతే. రోజూ ఒకే వేళకు నోట్‌బుక్కులో గుండ్రం గీసి మచ్చల చోటు గుర్తు పెట్టించాను. అవి జరుగుతుంటే సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడని పిల్లలే చెప్పారు. ఈ అంచు నుంచి ఆ అంచుకు దాదాపు రెండు వారాలు పడుతుంది. 2024 మే నెలలో వచ్చిన గుంపైతే భూమికి 15 రెట్లు వెడల్పు. దాని విస్ఫోటాల వల్లే మే 10 రాత్రి లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది.

దీనికీ హద్దులున్నాయి. అంచుల్లో ఎగసే జ్వాలలు కనపడవు, వాటికి హైడ్రోజన్ వెదజల్లే ఒక ఎరుపు కాంతిని మాత్రమే రానిచ్చే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టరు కావాలి, ఖరీదు చాలా ఎక్కువ. సూర్యుడి చుట్టూ పలచగా ఉండే బయటి పొర, కరోనా, అసలే కనపడదు. అందుకే కదా ఇస్రో ఆదిత్య-ఎల్1ను 15 లక్షల కి.మీ. దూరం పంపింది! ఇక మన ఎండల సంగతి: పది దాటాక స్లాబ్ వేడెక్కి బొమ్మ మరుగుతున్న నీళ్లలా కదులుతుంది. ఉదయం ఎనిమిది ప్రాంతమే మేలు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నా టెలిస్కోపు పెట్టెలోనే ఐపీస్‌కు బిగించే నల్లద్దం ఒకటి 'సన్' అని రాసి వచ్చింది. కంపెనీ పేరు వదిలేయండి, అలాంటిది పిల్లల చేతికి ఇవ్వడం ఘోరం. లెన్స్ వేడంతా అక్కడికే చేరుతుంది, అద్దం పగిలితే క్షణంలో చూపు పోతుంది. దాన్ని ముక్కలు చేసి పారేశాను. ఫిల్టరు ఎప్పుడూ గొట్టం ముందే ఉండాలి, గురి చూడటానికి పక్కనుండే చిన్న గొట్టం, ఫైండర్‌కూ మూత పెట్టాలి. చూసే ముందు ప్రతిసారీ ఫిల్మ్‌ను దీపానికి ఎదురుగా పట్టి సూది బెజ్జాలేమైనా ఉన్నాయేమో వెతకండి. ఒక్కటి కనపడినా పారేయండి.

కొనాలనుకుంటే ఆలస్యం చేయకండి. సూర్యుడు 11 ఏళ్ల చక్రంలో గరిష్ఠ దశకు చేరాడని 2024 అక్టోబర్‌లో నాసా ప్రకటించింది. ఇకపై మచ్చలు తగ్గుతూ పోతాయి, 2030 దరిదాపుల్లో ఒక్క మచ్చా లేని రోజులు చాలానే వస్తాయి.