గొంతు క్యాన్సర్: కీమో, రేడియేషన్ కలిపి ఇస్తే మేలా, ఒకదాని తర్వాత ఒకటా?

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి చాలామంది ఇదే అడుగుతున్నారు. స్వరపేటికలో క్యాన్సర్ ముదిరి మెడ గ్రంథుల వరకు వచ్చింది, రెండూ ఒకేసారి అంటున్నారు, మనిషి తట్టుకుంటాడా? ముందు కీమో ముగించి తర్వాత రేడియేషన్ పెట్టిస్తే ఒంటికి తెరిపి ఉంటుంది కదా?

కలిపి ఇచ్చేది రోజులు కలిసొస్తాయని కాదు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఒంట్లో ఉన్నప్పుడు రేడియేషన్ చేసిన గాయాన్ని కణితి కణాలు మాన్పుకోలేవు. 2003లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, కలిపి తీసుకున్నవారిలో రెండేళ్లకు 88 శాతం మందికి స్వరపేటిక నిలిచింది. ముందు కీమో తీసుకున్నవారిలో 75, రేడియేషన్ ఒక్కటే అయినవారిలో 70. బతికినవారి సంఖ్యలో మాత్రం పెద్ద తేడా లేదు. మూత్రపిండాలు, వినికిడి బాగుంటే నా మొగ్గు కలిపి ఇవ్వడం వైపే.

కానీ ఫలితాన్ని తేల్చేది మధ్యలో ఆపకపోవడం. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలు, 35 సిట్టింగులు. విరామమిస్తే కణితి మళ్లీ పుంజుకుంటుంది. మూడో వారం నుంచి నోరంతా పూస్తుంది, జావ కూడా దిగదు. చాలామంది మానేసేది అక్కడే. అందుకే మా పెదనాన్నకు ఆస్పత్రి పక్కనే గది అద్దెకు తీసుకున్నాం, తిండి కోసం ముక్కులోంచి వేసే గొట్టానికి ముందే ఒప్పించాం. కాజీపేటలో రైలెక్కి రోజూ హైదరాబాద్ వెళ్లి రావడం ఆ వారాల్లో రోగికి శిక్ష. దగ్గర్లోనే మంచి రేడియేషన్ కేంద్రం ఉంటే అదే మేలు. బరువు తగ్గితే, తల కదలకుండా ముఖానికి బిగించే మాస్కు వదులై, రేడియేషన్ ఎక్కడ పడాలో తేల్చే ప్లానింగ్ మళ్లీ చేయాల్సి రావచ్చు, కాబట్టి తిండిని మందులాగే చూడండి.

లాలాజల గ్రంథులను తప్పించి గురిచూసి ఇచ్చే ఐఎంఆర్‌టీ పద్ధతి దొరికితే వదలకండి, తర్వాత నోరు ఎండిపోవడం తగ్గుతుంది. ఆరోగ్యశ్రీలో అది వస్తుందో లేదో ఆరోగ్యమిత్రను మొదటే అడగండి. పుచ్చిన పళ్లు రేడియేషన్‌కు ముందే తీయించాలి. బీడీ, చుట్ట ఆ రోజే బంద్ చేయాలి, పొగ తాగుతుంటే రేడియేషన్ సరిగా పనిచేయదు.

సిస్‌ప్లాటిన్ పడనివారికి డోసిటాక్సెల్ వంటివి ఉన్నాయి.

కణితి మృదులాస్థిని చీల్చుకుని బయటికి వచ్చినా, స్వరపేటిక అప్పటికే పనిచేయకుండా పోయినా ఈ పోలిక వర్తించదు. అప్పుడు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయడమే మేలు. మెడ దగ్గర రంధ్రంతో ఊపిరి తీసుకోవాలి, అయినా వాల్వు అమర్చుకుని మళ్లీ మాట్లాడుతున్నవారు ఉన్నారు.