వాంగ్మూలమా, లఘుచిత్రమా? బైరాన్‌పల్లి సాక్షుల విషయంలో ఏది మేలు

1948 ఆగస్టు 27న తెలంగాణలోని బైరాన్‌పల్లి గ్రామంలో నిజాం పక్షపు రజాకార్లు జరిపిన హత్యాకాండను చిన్నతనంలో కళ్లారా చూసినవారు ఇంకా ఎవరైనా ఉంటే, వారి వయసు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉంటుంది. వరంగల్, హనుమకొండల నుంచి కెమెరాతో బయలుదేరే యువకులు తేల్చుకోవలసినది ఒకటుంది: ముందు సాక్షి వాంగ్మూలాన్ని పూర్తిగా నమోదు చేయాలా, లేక నేరుగా పది నిమిషాల లఘుచిత్రం తీయాలా? ఆ ఘటన చట్టరీత్యా యుద్ధనేరమా కాదా అన్న చర్చను న్యాయకోవిదులకు వదిలేసినా, నమోదు పద్ధతి మాత్రం యుద్ధనేరాలకు పాటించేదే కావాలి. అందుకే నేను వాంగ్మూలం వైపే మొగ్గుతాను.

లఘుచిత్రం కోసం అడిగే ప్రశ్నలో జవాబు ముందే ఇమిడిపోతుంది. "అవ్వా, రజాకార్లే గదా కాల్చింది?" అంటే ఆమె "ఔ బిడ్డా" అంటుంది, షాట్ దొరుకుతుంది, సాక్ష్యం మాత్రం దొరకదు. "ఆ పొద్దు నువ్వు ఎక్కడున్నవు?" అని అడిగి ఊరుకుంటే, ఏ ఇంట్లో దాక్కున్నదో, ఏది తాను చూసిందో, ఏది తర్వాత తల్లి చెబితే విన్నదో ఆమే విడదీసి చెబుతుంది. తేదీ అడిగితే తడబడే మనిషి, బతుకమ్మకు ముందా, పీర్ల పండుగ తర్వాతా అంటే గుర్తుచేసుకోగలదు. చుట్టూ చేరిన మనవళ్లు మధ్యలో అందించే మాటలు కూడా వాంగ్మూలానికి చేటు చేస్తాయి కనుక, వీలైతే ఆమెతో విడిగా కూర్చోవాలి.

చిత్రానికి తనదైన బలం లేదని కాదు. గ్రామస్థులు బురుజు మీద నుంచి ఎదిరించారని ఎన్ని పేజీలు రాసినా, కెమెరాను ఆ బురుజు దగ్గర నిలబెట్టి చుట్టూ తిప్పితే ఏ దిక్కున ఎంత దూరం కనిపిస్తుందో చూపరులకు వెంటనే తెలుస్తుంది. 1947 సెప్టెంబర్ 2న కాల్పులు జరిగిన పరకాలలో అమరధామం ఉన్నా, అక్కడ ఏం జరిగిందో బడిపిల్లలకు చేరవేయడానికి స్మారకం కంటే చిన్న సినిమాయే అక్కరకొస్తుంది.

అయితే సినిమాను ఎవరు నమ్మాలి? నాజీ నేతలను విచారించిన న్యూరెంబర్గ్‌లో 1945 నవంబర్ 29న నాజీ నిర్బంధ శిబిరాల చిత్రాన్ని కోర్టులో ప్రదర్శించినప్పుడు, దృశ్యాలను ఏ విధంగానూ మార్చలేదన్న ప్రమాణ పత్రాలను దానికి జతచేశారు; అంటే బొమ్మకు సైతం మనిషి మాటే పూచీ పడవలసి వచ్చింది. 1961లో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణ నాటికి వందమందికి పైగా సాక్షులు బోనెక్కి స్వయంగా మాట్లాడారు. లిబియా కమాండర్ అల్ వెర్ఫల్లీపై 2017లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు జారీచేసిన వారెంటుకు వీడియోలు ఆధారమైన మాట నిజమే గానీ, అవి సోషల్ మీడియాలో తిరిగిన దృశ్యాలు, వెనుక సంగీతం చేర్చి కూర్చిన డాక్యుమెంటరీ కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే విషయం. హైదరాబాద్ రాజ్యంలో 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం జరిపిన పోలీసు చర్య తర్వాత ముస్లింలపై జరిగిన హింసను పండిట్ సుందర్‌లాల్ కమిటీ విచారించి, 27 వేల నుంచి 40 వేల మంది వరకు చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. పది నిమిషాల చిత్రం ఒక కథనే పట్టుకుంటుంది, రెండో వైపు మరణాలు ఎడిటింగ్ బల్ల మీదే రాలిపోతాయి. కత్తిరించని వాంగ్మూలాల భాండారంలో రెంటికీ చోటుంటుంది.

కాబట్టి మూల ఫైలును ముట్టుకోకుండా రెండు చోట్ల భద్రపరచి, సినిమాకు నకలునే వాడాలి. అనుమతి కూడా రెండుసార్లు తీసుకోవాలి: రికార్డు చేయడానికి ఒకటి, పదిమందికి చూపడానికి మరొకటి. సాక్షి ఎవరి పేరైతే చెప్పిందో ఆ మనిషి వారసులు అదే వాడలో కాపురముంటూ ఉండవచ్చు. మొదటిదానికి ఒప్పుకొని రెండోదానికి వద్దంటే, ఆ వాంగ్మూలాన్ని దాచి సినిమా నుంచి తీసేయాలి.