జపాన్ వేలంలో దొరికిన డీజిల్ ల్యాండ్ క్రూయిజర్ 80: కొన్నేళ్ళ వాడకం తర్వాత

ఈ బండి గురించి అడిగేవాళ్ళలో నూటికి తొంభైమంది ఇంజిను గురించే అడుగుతారు. ఎంత లాగుతుంది, ఎంత తాగుతుంది, ఎన్ని లక్షల కిలోమీటర్లు వస్తుంది అని. ఛాసిస్ సంగతి ఎవరూ అడగరు. నన్నడిగితే ఈ బండిని వెతకడమంటే మంచి ఛాసిస్‌ను వెతకడమే. ఇంజిను అరిగితే విప్పి కట్టుకోవచ్చు, గేరుబాక్సు పోతే ఇంకొకటి తెప్పించుకోవచ్చు. తుప్పు తినేసిన ఛాసిస్‌కు మాత్రం ఎంత డబ్బు పోసినా అది అతుకుల బొంతే.

నా దగ్గర ఉన్నది 1995లో తయారైన టయోటా ల్యాండ్ క్రూయిజర్ 80, జపాన్ మార్కెట్ కోసం చేసిన వీఎక్స్ లిమిటెడ్. మోడల్ కోడ్ హెచ్‌డీజే81. ఆరు సిలిండర్ల 4.2 లీటర్ల టర్బో డీజిల్, అయిదు గేర్ల మాన్యువల్, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ కంపెనీ బిగించిన డిఫ్ లాక్‌లు (ఇరుసు రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించే ఏర్పాటు). ఉండేది డాలస్ శివార్లలో. అమెరికాలో 80 సిరీస్ 1997 మోడల్ వరకు అమ్ముడుపోయింది గానీ అన్నీ పెట్రోలువే. డీజిల్ ఇక్కడికి రానే లేదు. కావాలంటే బయటి నుంచి తెచ్చుకోవలసిందే. 1988 నాటి చట్టం ప్రకారం, తయారై 25 ఏళ్ళు నిండిన వాహనానికి ఇక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. అసలు ఇంజినుతోనే ఉన్న బండికి కాలుష్య నిబంధనల నుంచి 21 ఏళ్ళకే మినహాయింపు దొరుకుతుంది.

1995 కోసమే పట్టుబట్టడానికి కారణం ఉంది. 1994 చివరి వరకు వచ్చిన 12 వాల్వుల ఇంజినులో కనెక్టింగ్ రాడ్ల పెద్ద బేరింగులు తొందరగా అరుగుతాయని పేరు. 1995 జనవరి నుంచి 24 వాల్వుల ఇంజిను వచ్చింది, 170 హార్స్‌పవర్. అందులో డీజిల్ పంపు మెకానికల్. కంప్యూటర్ చెడిపోయి అడవిలో ఆగిపోయే బెడద లేదు. 25 ఏళ్ళ లెక్క మొదలయ్యేది తయారైన నెల నుంచి, జపాన్ పత్రాల్లో ఉండేదేమో మొదటి రిజిస్ట్రేషన్ నెల. అంచులో ఉన్న బండి అయితే సీటు బెల్టు అడుగున కుట్టిన చిన్న పట్టీ మీద తేదీ చూడమని, జపాన్ వేలంలో మన తరఫున పాడే ఏజెంటును అడగండి. బెల్టు బండి కంటే ముందే తయారవుతుంది కాబట్టి అదే రుజువు కాకపోయినా, బండి ఏ కాలానిదో చప్పున తెలిసిపోతుంది.

మాన్యువల్ దొరకడమే కష్టం. జపాన్‌లో ఈ బండిని కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఆటోమేటిక్ తీసుకున్నారు. ఫొటోలో గేరు లీవరు సరిగా కనబడకపోయినా పూర్తి మోడల్ కోడ్ చూస్తే చాలు: అడ్డగీత (-) తర్వాత మూడో అక్షరం ఎం అయితే మాన్యువల్, పి అయితే ఆటోమేటిక్. డిఫ్ లాక్‌లు ఉన్నాయో లేవో తెలియాలంటే డాష్‌బోర్డు మీద గుండ్రంగా తిప్పే మీట ఉందో లేదో చూడాలి. ఈ రెండూ ఉండి, తుప్పు లేని బండి వేలానికి రావడం చాలా అరుదు. వచ్చిన రోజున నాలాంటివాళ్ళు ఆస్ట్రేలియా నుంచి, కెనడా నుంచి, ఇంగ్లండ్ నుంచి కాచుకుని కూర్చుని ఉంటారు.

జపాన్‌లో పాత డీజిల్ బండ్లు ఎందుకు అమ్మకానికి వస్తాయో తెలిస్తే వెతకడం సులువవుతుంది. 2001లో సవరించిన నైట్రోజన్ ఆక్సైడ్ల చట్టం కింద టోక్యో, ఒసాకా, నగోయా చుట్టుపక్కల పాత డీజిళ్ళకు రిజిస్ట్రేషన్ కొనసాగించడం కుదరకుండా పోయింది. అలా నగరాల నుంచి వెళ్ళగొట్టిన బండ్లలో కొన్ని విదేశాలకు వెళ్ళాయి, కొన్ని ఆ చట్టం వర్తించని ప్రాంతాలకు, మంచు కురిసే ఉత్తరాదికి కూడా చేరాయి. నాలుగు చక్రాల బండికి అక్కడ గిరాకీ ఎక్కువ. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. ఏటా చలికాలమంతా ఆ ఉప్పునీరు అడుగుభాగంలోకి చిమ్ముతుంది. హొక్కైదో, అవొమొరి, నీగతా బండ్లు పైకి పెళ్ళికొడుకుల్లా మెరుస్తుంటాయి, అడుగున మాత్రం పొరలు పొరలుగా ఊడిపోతుంటాయి. అందుకే నేను క్యూషూ, షికోకు వైపు రిజిస్టరైన బండ్ల మీదే కన్ను వేశాను.

వేలం షీటు చదవడం నేర్చుకోకుండా ఈ పనికి దిగవద్దు. ఒక్క కాగితంలో బండి జాతకమంతా ఉంటుంది. 4, 3.5 వంటి అంకె మొత్తం బండికిచ్చిన మార్కు. ఎ, బి, సి అక్షరాలు లోపలి భాగానికి. ఆర్ అని ఉంటే ప్రమాదంలో దెబ్బతిని బాగు చేయించినది. బండి బొమ్మ మీద ఎ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యు అంటే రేకు సరిచేసి రంగు వేసిన చోటు, ఎస్ అంటే తుప్పు. అంకె చూసి మురిసిపోయేవాళ్ళకు ఒక మాట: 30 ఏళ్ళ బండికి 4 వచ్చిందంటే పైన మెరుపు బాగుందని అర్థం, అంతే. అసలు సంగతి షీటు కింది గళ్ళలో తనిఖీదారు చేతిరాతతో ఉంటుంది. అడుగుభాగానికి నల్లరంగు పూశారని అక్కడ రాసి ఉంటే ఆ బండి జోలికి వెళ్ళను. తుప్పు లేని చోట అంత దట్టంగా రంగు పూసే అవసరం ఎవరికి ఉంటుంది? చలి ప్రాంతాల కోసం చేసిన బండి అన్న ముక్క కనబడినా అనుమానమే. పెద్ద బ్యాటరీలు, వెనక సీట్లకు హీటరు ఉంటాయి, నిజమే. కానీ అలాంటి బండి జీవితమంతా ఎక్కడ తిరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వేలం గంటలు గంటలు సాగే వ్యవహారం కాదు. ఒక్కో బండి తెర మీద ఉండేది కొన్ని సెకన్లే. మన తరఫున ఏజెంటు పాడతాడు. గరిష్ఠ ధర ముందే చెప్పి నిద్రపోవాలి, ఎందుకంటే డాలస్‌లో అది అర్ధరాత్రి. పాటకు ముందు ఏజెంటు మనిషి యార్డుకు వెళ్ళి చూసి వచ్చే ఏర్పాటు ఉంటే దానికయ్యే అదనపు రుసుముకు వెనకాడకండి. నేను అడిగిన ఫొటోలు నాలుగు రకాలు: వెనక బంపరు వెనకున్న అడ్డ కమ్మీ, వెనక తలుపు కింది అంచు, ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు అంచు కింద లోహం, వెనక చక్రాల వెనకున్న రేకు. ఈ బండి కుళ్ళేది ఈ చోట్లనే. అద్దం రబ్బరు కింద బుడగలా లేచిన రంగు కనిపిస్తే లోపల తుప్పు పైనున్న దాని కంటే ఎక్కువే. ఒక ఏజెంటు ఈ ఫొటోలు పంపకుండా ఎంతసేపూ సీట్లు, స్టీరింగు, మెరిసే బానెట్టు పంపుతూ పోయాడు. అతన్ని వదిలేసి ఇంకొకరిని పట్టుకున్నాను.

చివరికి నాకు దొరికింది అందగత్తె కాదు. లేత బంగారు రంగు వెలిసిపోయింది. డ్రైవరు సీటు గుడ్డ చిరిగి ఉంది, పక్క తలుపు మీద అరచేతంత సొట్ట. మార్కు 3.5. అదే రోజు అదే వేలంలో తళతళలాడే 4 మార్కు బండి ఇంకొకటి ఎక్కువ ధరకు పోయింది. దాని షీటులో అడుగున తుప్పు అని స్పష్టంగా రాసి ఉంది. నా దాని అడుగుభాగం మాత్రం బూడిద రంగులో పొడిగా, బోల్టుల మీద అసలు పూత ఇంకా కనిపించేటంత శుభ్రంగా ఉంది. ఎగుమతి పత్రంలో గత తనిఖీ నాటి కిలోమీటర్ల రీడింగు ఉంటుంది. మీటరుతో పోల్చితే లెక్క సరిపోయింది.

తర్వాతి కాగితాల పని విసుగు తెప్పిస్తుంది గానీ కష్టం కాదు. రవాణా శాఖకు హెచ్‌ఎస్-7 ఫారం, పర్యావరణ సంస్థకు 3520-1, కస్టమ్స్‌కు 7501. బ్రోకరు చూసుకుంటాడు. నేను తెచ్చినప్పుడు ప్యాసింజరు వాహనానికి సుంకం 2.5 శాతం. అదే ట్రక్కు కింద లెక్కగడితే 1964 నుంచీ ఉన్న 25 శాతం సుంకం మోతే, కాబట్టి పికప్ మీద మోజుపడేవాళ్ళు ముందే లెక్క చూసుకోండి. అడుగున అంటుకున్న జపాన్ మట్టితో బండి దిగితే రేవులో ఆపేస్తారు, ఓడ ఎక్కించే ముందే ఆవిరితో కడిగించాలి. ఓడ కిరాయి, ఏజెంటు రుసుము, సుంకం, రేవు ఖర్చులు అన్నీ కలిపి పాట ధరకు మరో మూడో వంతు అయింది. అప్పట్లో, 2021లో, డాలరుకు 110 యెన్‌ల చుట్టుపక్కల ఉండేది. తర్వాత యెన్ పడిపోయినా, కొనేవాళ్ళు పెరగడంతో బండ్ల ధరలు కూడా ఎగబాకాయి. టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్‌కు ఇబ్బంది పడలేదు. డీజిల్ బండ్లకు ఇక్కడ పొగ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు మాత్రం తమ రాష్ట్రం నిబంధనలు పూర్తిగా చదివాకే యెన్‌ల గురించి ఆలోచించండి, అక్కడి కాలుష్య నిబంధనలు వేరు.

ఇక నడపడం. గుంటూరులో కారు నేర్చుకున్నవాడికి కుడివైపు స్టీరింగు, ఎడమ చేత్తో గేరు కొత్తేమీ కాదు. క్లచ్ కొంచెం బరువు, అంతే. కష్టమంతా రెండు వరుసల రోడ్డు మీద ముందున్న ట్రక్కును దాటేటప్పుడే. ఎదురుగా వచ్చేది నాకు కనబడదు, ఎడమ సీట్లో ఉన్న నా భార్యకు కనబడుతుంది. "ఇప్పుడు కాదు... ఇప్పుడు కూడా కాదు... సరే పదండి" అని ఆవిడ చెప్పేదాకా నేను గేరు మార్చను. ఒంటరిగా వెళ్తే దాటడమే మానేశాను. దీపాలు కూడా చూసుకోవాలి. ఎడమవైపు నడిచే దేశం కోసం చేసిన హెడ్‌లైట్లు ఇక్కడ ఎదుటివాడి కళ్ళలోకే కొడతాయి. బండి దిగిన వారంలోనే మార్పించాను. రేడియో సంగతి తమాషా: ఆ కాలపు జపాన్ ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే, కాబట్టి ఇక్కడ 88, 89 మీదున్న కాలేజీ స్టేషన్లూ భక్తి స్టేషన్లూ తప్ప ఏమీ పలకవు. టోల్ కార్డు పెట్టలేదని జపనీస్‌లో మర్యాదగా హెచ్చరించే పరికరాన్ని మాత్రం పిల్లలు తీయనివ్వలేదు.

రహదారి మీద ఇది నిదానస్థురాలు. గంటకు 65, 70 మైళ్ళ దగ్గర హాయిగా ఉంటుంది, ఆపైన గాలి హోరు, ఇంజిను మోత. టెక్సాస్‌లో 85 మైళ్ళ వేగానికి అనుమతి ఉన్న టోల్ రోడ్డు ఉంది, దాని మీద కుడి వరుస దాటకుండా వెళ్ళడమే మర్యాద. నాకు గాలన్‌కు 18 నుంచి 20 మైళ్ళు వస్తోంది. రెండు టన్నులకు పైబడిన ఈ శరీరానికి అది తక్కువేమీ కాదు.

దాని అసలు బలం తారు రోడ్డు అయిపోయిన తర్వాత తెలుస్తుంది. బిగ్ బెండ్ జాతీయ పార్కులో బ్లాక్ గ్యాప్ అనే దారిని ఎవరూ మరమ్మతు చేయరు. అందులో ఒక చోట రాతి మెట్టు ఉంది. అక్కడ ముందు చక్రం ఒకటి గాలిలోకి లేచి ఊరికే తిరుగుతుంది. లో రేంజిలోకి (నిదానంగా, ఎక్కువ బలంతో లాగే గేర్ల జతలోకి) వేసి, మీటను వెనక లాక్ వైపు తిప్పితే డాష్‌బోర్డు మీద దీపం కాసేపు ఆరి వెలుగుతూ ఉంటుంది. చక్రాలు ఒక అడుగు కదిలాక కింద ఎక్కడో చిన్న టక్కుమన్న శబ్దం, దీపం నిలకడగా వెలుగుతుంది. ఆ తర్వాత యాక్సిలరేటరు మీద కాలు పెట్టనక్కర్లేదు, క్లచ్ వదిలితే ఇంజిను తన మానాన తాను మెట్టు ఎక్కేస్తుంది. కొలరాడోలో 12,800 అడుగుల ఇంజినీర్ పాస్ మీద కూడా, గాలి పలచబడి మామూలు ఇంజిన్లు ఆయాసపడే చోట, టర్బో పుణ్యాన ఇది పెద్దగా నీరసపడలేదు.

తలనొప్పులు లేకపోలేదు. జపాన్ డీజిల్‌లో బండి అంతా 12 వోల్టులు, స్టార్టరు ఒక్కటే 24. రెండు బ్యాటరీలను స్టార్టు చేసే క్షణంలో ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) వరసగా కలుపుతుంది. ఆ రిలే కాంటాక్టులు నల్లబడితే తెల్లవారుజామున తాళం తిప్పినప్పుడు టిక్కుమనడం తప్ప ఇంకేమీ జరగదు. ఒక బ్యాటరీ బలహీనపడితే రెండోదాన్నీ లాగేస్తుంది, మార్చితే జంటగా మార్చాలి. చివరికి 12 వోల్టుల స్టార్టరు వేయించి ఆ గొడవ వదిలించుకున్నాను. ముందు ఇరుసు లోపలి సీలు కారి, డిఫరెన్షియల్ నూనె గ్రీజుతో కలిసి నల్లటి పులుసులా చక్రం లోపలి అంచు మీదకు జారడం 80 సిరీస్‌కు మామూలు జబ్బు. నాదీ తప్పించుకోలేదు. రెండు వైపులా విప్పి, కడిగి, కొత్త సీళ్ళు వేసి, గ్రీజు నింపడం రెండు రోజుల మురికి పని. డిఫ్ లాక్ మోటార్లు వాడకపోతే పట్టేస్తాయి, నెలకోసారి మట్టి మీద తిప్పండి. టైమింగ్ బెల్టును లక్ష కిలోమీటర్లకు మార్చాలి. పాత యజమాని మార్చినట్టు చీటీ అంటించి ఉన్నా నేను నమ్మలేదు, కొత్తది వేయించాను. ఇదే డీజిల్ ఆస్ట్రేలియాలో బాగా అమ్ముడుపోయింది కాబట్టి విడిభాగాలు అక్కడి నుంచి దొరుకుతాయి. వారం రెండు వారాలు ఓపిక పట్టాలి. అందుకే ఇంట్లో ఇదొక్కటే బండి అయితే వద్దంటాను.

బీమా సంస్థల్లో ఒకటి ఛాసిస్ నంబరు 17 అక్షరాలు లేదని దరఖాస్తే తీసుకోలేదు. జపాన్ నంబరు పొట్టిగా ఉంటుంది మరి. పాత వాహనాలకు ముందే విలువ ఒప్పుకుని పాలసీ ఇచ్చే సంస్థ దగ్గర పని అయింది. తెనాలిలో ఉన్న మా మామయ్య ఫోను చేసినప్పుడల్లా "ఒరేయ్, ఇక్కడికి వచ్చేటప్పుడు దాన్ని తెచ్చుకోరాదా?" అంటాడు. వాడిన కారును భారత్‌కు తేవాలంటే తయారై మూడేళ్ళకు మించకూడదు మామయ్యా అని ప్రతిసారీ చెబుతాను, ఆయన ప్రతిసారీ ఆశ్చర్యపోతాడు.

ఇప్పుడు అమెరికాలోనే దిగుమతిదారుల దగ్గర ఇవి సిద్ధంగా దొరుకుతున్నాయి. అక్కడ కొనేట్టయితే ధర అడగక ముందే జపాన్ వేలం షీటు అసలు ప్రతి అడగండి. షీటు పోయిందన్నవాడి దగ్గర, అడుగున కొత్త నల్లరంగు మెరుస్తున్న బండి దగ్గర నేనైతే ఆగను. షీటు చూపించి, బండిని లిఫ్టు మీదకు ఎత్తించి, సుత్తి పిడితో ఛాసిస్‌ను తట్టి చూసుకోనిచ్చేవాడైతే రెండు మూడు వేల డాలర్లు ఎక్కువ చెప్పినా బేరం కొనసాగించవచ్చు.